తేనెటీగల మీద మందు కొట్టించే ముందు ఒక్క ఫోన్ చేయండి: మా నివాసుల సంఘం కమిటీకి బహిరంగ లేఖ

అధ్యక్షులు, కార్యదర్శి గార్లకు, కమిటీ సభ్యులందరికీ నమస్కారం.

పోయిన వారం సంఘం గ్రూపులో మీరు పెట్టిన నోటీసు చూశాను. "ఇళ్ల దగ్గర తేనెటీగలు కనబడితే ఆలస్యం చేయకుండా మందు కొట్టే మనిషిని పిలిపించండి, ఖర్చు సంఘం భరిస్తుంది" అని రాశారు. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న చోట ఎవరికీ ఏమీ కాకూడదనే అలా రాశారని నాకు తెలుసు. అయినా ఆ నోటీసు వెనక్కి తీసుకోమని అడగడానికే ఈ ఉత్తరం. "మందు కొట్టించండి" అన్న చోట "తేనెటీగలు పెంచేవాళ్లకి ఫోన్ చేయండి" అని మార్చండి. ఎందుకు అడుగుతున్నానో తెలియాలంటే మా పెరట్లో జరిగింది మొత్తం చెప్పాలి, ఉత్తరం కాస్త పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఆ రోజు పొద్దున పదకొండు దాటింది. బట్టలు ఆరేస్తుంటే ఒక హోరు వినబడింది. గోడ అవతల ఎవరో లారీ ఆపి ఇంజిన్ అలాగే వదిలేశారనుకున్నాను. తలెత్తి చూస్తే పెరడంతా ఈగలే. ఇంటి కప్పు ఎత్తు దాకా వేలకొద్దీ ఈగలు ఒకదాన్నొకటి దాటుకుంటూ గిరగిరా తిరుగుతున్నాయి. బకెట్ అక్కడే వదిలేసి లోపలికి పరిగెత్తి తలుపులు, కిటికీలు అన్నీ వేసేశాను. చేతులు వణికాయి, ఆ మాట దాచను. పావుగంట తర్వాత కిటికీలోంచి చూస్తే గాలిలో దాదాపు ఏమీ లేవు. నిమ్మచెట్టు కింది కొమ్మకి మాత్రం, నేల నుంచి నడుమెత్తులో, గోధుమరంగు ముద్ద ఒకటి వేలాడుతోంది. పొడుగ్గా, కింద సన్నగా, పెద్ద సొరకాయ అంత ఉంది. దాని బరువుకి కొమ్మ వంగిపోయింది.

వెంటనే ఫోన్లు మొదలుపెట్టాను. మొదట సహాయవాణికి చేస్తే ఇది మా పని కాదని ఇంకో నంబర్ ఇచ్చారు, ఆ నంబర్ వాళ్లు మూడోది ఇచ్చారు, మూడోది ఎవరూ ఎత్తలేదు. మందు కొట్టే మనిషి మాత్రం ఫస్ట్ రింగుకే ఎత్తి గంటలో వస్తానన్నాడు. "ఏ రకం ఈగలు?" అని కూడా అడగలేదు. సరే రమ్మని చెప్పి పెట్టేశాను కూడా. ఇంతలో ఎదురింటావిడ ఫోన్ చేసి, తన చుట్టాల్లో ఒకరు తేనెటీగలు పెంచుతారని, ముందు ఆవిడతో ఒక్క మాట మాట్లాడమని నంబర్ పంపారు. ఆ నంబర్ ఒక గంట ఆలస్యంగా వచ్చి ఉంటే ఈ ఉత్తరం ఉండేది కాదు, ఆ ఈగలూ ఉండేవి కావు. ఇన్ని వేల ప్రాణాలు ఒక పొరుగావిడకి ఎవరో చుట్టం ఉండటం మీద ఆధారపడకూడదనే నా బాధంతా.

ఫోన్‌లో ఆ పెంపకందారు ఆవిడ అడిగిన ప్రశ్నలు వింటుంటేనే నా టెన్షన్ సగం తగ్గింది. ఒంటి మీద సన్నని నూగు ఉందా, నున్నగా మెరుస్తున్నాయా? ముద్దంతా ఈగలేనా, మధ్యలో మైనం తుట్టె ఏమైనా కనబడుతోందా? ఎప్పుడు వచ్చాయి? ఎంత ఎత్తులో ఉన్నాయి? ఇంట్లో ఎవరికైనా ఈగ కుడితే పడదా? నున్నగా, సన్నటి నడుముతో ఉండి, కాగితంలాంటి గూడు కట్టి ఉంటే అవి కందిరీగలట, అప్పుడు దారి వేరు. నేను చెప్పినవన్నీ విని, "అయితే అది గుంపు. ఇల్లు మారే దారిలో మీ చెట్టు మీద ఆగింది. రాయి వేయకండి, నీళ్లు కొట్టకండి, పొగ పెట్టకండి, పిల్లల్ని, కుక్కల్ని దూరంగా ఉంచండి, నేను వస్తున్నాను" అన్నారు. మందు మనిషికి ఫోన్ చేసి రావద్దని చెప్పాను.

ఆవిడ వచ్చేలోపు కిటికీ దగ్గరే కూర్చున్నాను. తర్వాత ఆవిడ చెప్పినవీ, నేను చదివి తెలుసుకున్నవీ కలిపి చెప్తాను, ఎందుకంటే మన భయంలో చాలా భాగం అవి ఎందుకు వచ్చాయో తెలియకపోవడం వల్లే.

తేనెపట్టు బాగా ఎదిగి లోపల చోటు చాలనప్పుడు అది రెండుగా విడిపోతుంది. పాత రాణి సగం మందికి పైగా కూలి ఈగల్ని తీసుకుని బయటికి వచ్చేస్తుంది, పాత ఇల్లు, అందులో నిల్వ, పెరుగుతున్న పిల్లలు అన్నీ పుట్టబోయే కొత్త రాణికి వదిలేస్తుంది. బయల్దేరే ముందు రాణి ఎగరగలిగేలా కూలి ఈగలు దానికి మేత తగ్గించి ఒళ్లు తగ్గిస్తాయి. తాము మాత్రం కొత్త చోట మైనం కట్టడానికి, నాలుగు రోజులు బతకడానికి సరిపడా తేనె కడుపునిండా తాగి బయల్దేరతాయి. అందుకే దారిలో ఆగిన గుంపు మామూలుగా శాంతంగా ఉంటుంది. కాపాడుకోవడానికి దాని దగ్గర తేనె గదులు లేవు, పిల్లలు లేవు, ఇల్లే లేదు. ఉన్నదల్లా ఆ ముద్ద మధ్యలో ఉన్న ఒక్క రాణి. (రోజుల తరబడి అలాగే ఉండిపోయి తెచ్చుకున్న తేనె అయిపోతే మాత్రం చిరాగ్గా ఉంటాయట, అది కూడా తొందరగా మనిషిని పిలవడానికి ఒక కారణం.)

ఆ ముద్ద మీద కొన్ని ఈగలు వింతగా నడుస్తున్నాయి. ఒళ్లు అటూ ఇటూ ఊపుకుంటూ ఒక దిక్కుగా తిన్నగా నాలుగడుగులు వేసి, చుట్టు తిరిగి మొదటి చోటికే వచ్చి, మళ్లీ అదే గీత మీద నడుస్తున్నాయి. నేను జబ్బు చేసిందేమో అనుకున్నాను. అవి ఇల్లు వెతికి వచ్చిన ఈగలట. ఏ దిక్కున, ఎంత దూరంలో మంచి తొర్ర ఉందో మిగతావాటికి ఆ నడకతోనే చెప్తాయి, సూర్యుడు ఏ పక్కన ఉన్నాడన్న లెక్కతో దిక్కు, ఊపు ఎంతసేపు ఉందన్న లెక్కతో దూరం. తేనెటీగల ఈ నాట్యం అర్థమేమిటో విప్పి చెప్పిన శాస్త్రవేత్త కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కి 1973లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన శిష్యుడు మార్టిన్ లిండావర్ 1949లో ఇలాంటి గుంపునే చూస్తూ, నాట్యమాడుతున్న ఈగల ఒంటి మీద మసి, ఇటుక పొడి ఉండటం గమనించి, ఇవి పూల దగ్గర్నుంచి వచ్చినవి కావు, పొగగొట్టాలూ గోడ కంతలూ చూసి వచ్చినవని పట్టుకున్నాడు. తర్వాత అమెరికాలో థామస్ సీలీ అనే శాస్త్రవేత్త ఎన్నో ఏళ్లు ఇదే పని మీద ఉండి, వాటికి సుమారు 40 లీటర్ల చోటు, చిన్న గుమ్మం ఇష్టమని, వెతికే ఈగలన్నీ వాదించుకుని వాదించుకుని చివరికి ఒకే చోటుకి ఒప్పుకుంటాయని చూపించాడు. ఆ మాట కుదరగానే గుంపు మొత్తం లేచిపోతుంది. కొన్ని గంటల్లోనే కుదరొచ్చు, రెండు మూడు రోజులూ పట్టొచ్చు.

ఇది మీకు ఎందుకు చెప్తున్నానంటే, అవి ఒప్పుకోబోయే ఆ చోటు మనలో ఎవరి ఇంటి గోడ అయినా కావచ్చు. కొమ్మ మీద ఉన్నప్పుడు పెట్టెలోకి దించుకుని తీసుకెళ్లడం ఒక పూట పని. గోడలో దూరి తుట్టె కట్టి రాణి గుడ్లు పెట్టడం మొదలయ్యాక అయితే గోడ పగలగొట్టాలి, తుట్టెలు ఒక్కొక్కటే కోసి చట్రాలకి కట్టాలి, మనిషి రోజంతా కష్టపడాలి. కాబట్టి మొదటి రోజు చేసే ఆ ఒక్క ఫోన్‌కి ఎంత విలువ ఉందో చూడండి.

మూడు గంటలకి ఆవిడ వచ్చారు. తెల్ల చొక్కా, ముఖానికి వల, ఒక చెక్కపెట్టె, పాత దుప్పటి, నీళ్ల స్ప్రే. ముందు పది నిమిషాలు ఊరికే నిలబడి చూశారు. తర్వాత చక్కెర కలిపిన నీళ్లు సన్నని తుంపరగా ముద్ద మీద చల్లారు, ఒళ్లు తడిస్తే ఎగరవట, తీపి నాకుతూ ఉండిపోతాయట. చెట్టు కింద దుప్పటి పరిచి, మూత తీసిన పెట్టెని సరిగ్గా ముద్ద కిందికి ఎత్తి పట్టుకోమని తనతో వచ్చిన అబ్బాయికి చెప్పి, కొమ్మని రెండు చేతులతో పట్టుకుని ఒక్కసారి గట్టిగా దులిపారు. ధాన్యం కుమ్మరించినట్టు దభీమని పెట్టెలో పడ్డాయి. ఒక్క క్షణం గాలి నిండా ఈగలు లేచాయి, నేను కిటికీ వెనక ఊపిరి బిగబట్టాను. ఆవిడ పెట్టెకి మూత వేసి, చిన్న గుమ్మం మాత్రం తెరిచి, దుప్పటి మీద పెట్టి, వెనక్కి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. "రాణి లోపల పడితే మిగతావి వాటంతట అవే వెళ్తాయి, పడకపోతే లోపలివి కూడా మళ్లీ కొమ్మ మీదికే వస్తాయి. ఇప్పుడు చెప్పాల్సింది అవే" అన్నారు.

అప్పుడు నన్ను పిలిచి చూపించారు. వల ఇచ్చారు, వేసుకుని నాలుగడుగుల దూరం దాకా వెళ్లాను. పెట్టె గుమ్మం దగ్గర పదిహేనో ఇరవయ్యో ఈగలు తల కిందికి, తోక పైకి ఎత్తి, కాళ్లు ఆనించి నిలబడి, రెక్కలు కనబడనంత వేగంగా ఊపుతున్నాయి. గాల్లో నిమ్మ వాసన వచ్చింది. మా చెట్టుదే అనుకున్నాను. కాదట, ఈగలదే, తోక దగ్గర ఉన్న గ్రంథి నుంచి వచ్చే వాసనని రెక్కలతో విసిరి "ఇల్లు ఇక్కడ, రండి" అని మిగతావాటిని పిలుస్తున్నాయట. రాణి లోపలే ఉందనడానికి అదే గుర్తు. దుప్పటి మీద పడ్డవన్నీ బారులు తీరి ఆ గుమ్మం వైపు నడుచుకుంటూ వెళ్లిపోయాయి. గొడవ లేదు, తోపులాట లేదు. చూస్తుంటే నాకు ఏడుపు వచ్చింది. పొద్దున వీటిని చంపించడానికి నేను మనిషిని పిలిచాను కదా.

చీకటి పడే దాకా ఆవిడ కదల్లేదు. ఇల్లు వెతకడానికి దూరం వెళ్లిన ఈగలు తిరిగి రావాలి కదా. పగలే పెట్టె ఎత్తుకుపోతే అవి కొమ్మ చుట్టూ తిరిగి తిరిగి చచ్చిపోతాయట. చీకటి పడ్డాక గుమ్మానికి గాలి ఆడే జాలీ బిగించి తీసుకెళ్లారు. ఎవరికీ ఒక్క కాటు పడలేదు. మర్నాడు పొద్దున కొమ్మ దగ్గర పట్టుమని పది ఈగలు కూడా లేవు, మధ్యాహ్నానికి అవీ పోయాయి.

ఇప్పుడు పోయినేడాది సంగతి. మూలింటి గోడలో మీటరు పెట్టె వెనక తేనెపట్టు ఉంటే మనమే, సంఘం డబ్బుతోనే, మందు కొట్టించాం. మీటింగులో నేనూ చెయ్యెత్తాను. మందు కొట్టిన అరగంట ఆ సందులో ఎవరూ నడవలేకపోయారు, బయట మేతకి వెళ్లి తిరిగొచ్చిన ఈగలు ఇల్లు దొరక్క కనబడిన వాళ్ల మీదల్లా వాలాయి, ఇద్దరిని కుట్టాయి. తర్వాతి నెలరోజులు ఆ ఇంటివాళ్లు పడ్డ బాధ మీకు తెలుసు. గోడలోంచి కుళ్లు కంపు, సున్నం మీద జిగట మరకలు, చీమల బారులు. అప్పుడు ఎందుకో మనకి అర్థం కాలేదు. లోపల ఈగలు రెక్కలతో విసురుతూ తుట్టెని చల్లగా ఉంచుతాయి. అవి చచ్చిపోతే ఎండ వేడికి మైనం మెత్తబడి జారిపోతుంది, తేనె గోడలోకి కారుతుంది, చచ్చిన పిల్లపురుగులు కుళ్లుతాయి, మైనపు పురుగులు చేరతాయి. మందు కలిసిన ఆ తేనెని వేరే పట్టుల ఈగలు వచ్చి దోచుకెళ్తే విషం అక్కడికీ చేరుతుంది. ఇంకోటి, పాత మైనం వాసనకి మళ్లీ కొత్త గుంపు అదే కంతకి వస్తుంది. ఆ కంత ఇవాళ్టికీ మూయలేదు, నిన్న వెళ్లి చూశాను.

నేను తేనెటీగలు ఎవరినీ ఏమీ చేయవని చెప్పడం లేదు. ఈగ కాటు ఒంటికి పడనివాళ్లకి, అంటే అలర్జీ ఉన్నవాళ్లకి, ప్రాణం మీదికి వస్తుంది. ఊపిరి ఆడకపోవడం, ముఖం, నాలుక వాయడం, ఒళ్లంతా దద్దుర్లు, వాంతులు, కళ్లు తిరగడం, వీటిలో ఏది మొదలైనా ఒక్క నిమిషం ఆగకుండా అంబులెన్స్ పిలవాలి, వాళ్ల దగ్గర డాక్టర్ ఇచ్చిన అడ్రినలిన్ ఇంజెక్షన్ ఉంటే వెంటనే వేయాలి. మామూలుగా ఒకటి రెండు కుడితే ముల్లు వెంటనే తీసేయాలి. గోటితో గీకి తీయాలా, లాగి తీయాలా అని ఆలోచిస్తూ ఆగొద్దు, ముల్లుతో పాటు ఊడివచ్చిన విషపు సంచి ఇంకా లోపలికి పంపుతూనే ఉంటుంది కాబట్టి ఎలా తీసినా సరే, ఎంత తొందరగా తీశామన్నదే లెక్క. కుట్టిన చోట అరటిపండు లాంటి వాసన వస్తుంది, అది మిగతా ఈగలకి ప్రమాద సంకేతం. అందుకే అక్కడ నిలబడి చేతులు విసరకూడదు, తల కప్పుకుని ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకోవాలి.

అన్ని రకాలూ పెట్టెలోకి రావు, అది కూడా మీకు చెప్పాలి. దక్షిణాసియాలో కొండ తేనెటీగలని ఉంటాయి, పెద్ద చెట్ల కొమ్మలకి, ఎత్తైన భవనాల అంచులకి మీటరు వెడల్పు దాకా ఒకే ఒక్క తుట్టె బయటే కడతాయి. వాటికి కోపం ఎక్కువ, గుంపుగా వెంటపడతాయి. అవి పెట్టెలో ఉండవు, కాలం మారితే వాటంతట అవే వలస పోతాయి. అలాంటి చోట తాడు కట్టి ఎవరినీ వెళ్లనీయకుండా, రాత్రిపూట దగ్గరి లైట్లు ఆర్పి ఉంచి (వెలుతురుకి వచ్చేస్తాయి), నిజంగా ఆ పని తెలిసినవాళ్లని పిలవాలి. అసలు ఫోన్ చేయమనేది కూడా అందుకే, ఏది ఏదో మనకి తెలియదు, వాళ్లకి తెలుస్తుంది.

ఫోన్ ఎవరికి చేస్తున్నామన్నది కూడా ముఖ్యమే. తేనెటీగలు తీసేస్తాం అనే వాళ్లంతా వాటిని వేరే చోటికి చేర్చరు. మంట పెట్టి, పొగబెట్టి, తేనె కోసుకుని, పిల్లపట్టు నలిపేసి వెళ్లిపోయేవాళ్లున్నారు, ఇల్లు పోయిన ఈగలు రెండ్రోజులు అక్కడే కోపంగా తిరుగుతాయి, ఆ బాధ మనకి మిగులుతుంది. పిలిచేటప్పుడు సూటిగా అడగండి: పెట్టె తెస్తారా, చీకటి పడే దాకా ఉంటారా, తర్వాత ఎక్కడ పెడతారు. పని తెలిసిన మనిషి తడుముకోకుండా చెప్తారు.

ఇంక నేను కోరేది. గేటు దగ్గర బోర్డు మీద అంబులెన్స్, అగ్నిమాపక కేంద్రం నంబర్ల పక్కనే తేనెటీగలు పెంచేవాళ్ల నంబర్లు కనీసం మూడు రాయించండి, ఒకరు ఎత్తకపోతే ఇంకొకరు. వాచ్‌మన్‌కి, తోటపని వాళ్లకి విడిగా చెప్పండి, ముందు చూసేది వాళ్లే, ముందు చీపురు ఎత్తేదీ వాళ్లే. మందు కొట్టే మనిషితో సంఘానికి ఉన్న ఒప్పందంలో, పెంపకందారు చూసి "దీన్ని కదిలించడం కుదరదు" అంటే తప్ప తేనెటీగల మీద మందు వాడకూడదని ఒక వాక్యం చేర్చండి. ఎవరి ఇంట్లో ఈగ కాటుకి అలర్జీ ఉన్నవాళ్లు ఉన్నారో వాళ్లు చెప్పడానికి ఇష్టపడితే రాసిపెట్టుకుని, గుంపు దిగిన రోజు మొదటి ఫోన్ ఆ ఇంటికే చేయండి. మీటరు పెట్టెల వెనక, కిటికీల పైన, పైపుల పక్కన ఉన్న కంతలు, లోపల ఈగలు లేవని చూసుకున్నాక, పూలకాలం రాకముందే పూడ్పించండి, లేదా సన్నజాలీ కొట్టించండి. మందుకి పెట్టే ఖర్చే వచ్చినవాళ్ల దారి ఖర్చుకి ఇవ్వండి. మా ఇంటికి వచ్చినావిడ ఏమీ అడగలేదు, అయినా ఒక పూటంతా తన పని మానుకుని వచ్చారు.

మన పెరళ్లలో కాసే కాయల్లో, మనం తినే కూరగాయల్లో, గింజల్లో చాలావాటికి ఈగలో, సీతాకోకచిలుకలో, పక్షులో వచ్చి వాలాలి. ప్రపంచంలో ముఖ్యమైన ఆహార పంటల్లో నాలుగింట మూడు ఏదో ఒక మేరకు ఇలాంటి ప్రాణుల మీద ఆధారపడినవే. ఐక్యరాజ్య సమితి మే 20ని తేనెటీగల దినంగా 2017లో ప్రకటించింది. ఆ రోజు గ్రూపులో మనందరం పూల బొమ్మలు పంపుకుంటాం. ఆ గ్రూపులోనే ఈ నోటీసు కూడా ఉంది, చూసినప్పుడల్లా మనసు కలుక్కుమంటోంది.

వచ్చే మీటింగుకి ఆవిడని పిలిస్తే వస్తానన్నారు, ఖాళీ పెట్టె, వల తెచ్చి చూపిస్తారు, పిల్లల్ని కూడా రమ్మన్నారు. ఎజెండాలో ఒక అరగంట ఇవ్వండి. ఈలోపు ఎవరి ఇంటి దగ్గర గుంపు దిగినా, ఏ వేళైనా సరే, ముందు నాకు ఫోన్ చేయమని గ్రూపులో రాయండి. నేను వచ్చి దారికి తాడు కట్టి, పెంపకందారు వచ్చే దాకా అక్కడే ఉంటాను.

ఇట్లు,
నిమ్మచెట్టు ఉన్న ఇంటి నుంచి, మీ సంఘ సభ్యుల్లో ఒకరు